వాగు దాటే పడవకు పొడుగు కాడ మోటారు: అయిదంగుళాల లెక్క

తిరువూరు మెట్ట ప్రాంతం. మామిడి తోటలు, పత్తి, మిరప, మొక్కజొన్న. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు చిట్టచివరగా, వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు అందే భూములు. ఇలాంటి చోట పడవతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. మేం కూడా మొదట అదే అడిగాం.

జవాబు కూలీలే చెప్పారు. "ఏడాదిలో ముప్పాతిక రోజులు మా వాగులో మోకాలు తడవదండీ. మిగతా రోజుల్లో మమ్మల్ని కాళ్లు చేతులు కట్టి ఇంట్లో కూచోబెడతది" అన్నదొక నడివయసు కూలి తల్లి. పత్తిలో కలుపు, మిరప నాట్లు, వరి నాట్లు, అన్నీ ఆ వానల రోజుల్లోనే. అవతలి ఒడ్డున పని ఉంటుంది, ఇవతలి ఒడ్డున కూలి ఉంటుంది. మధ్యలో ఎర్రటి నీళ్లు. చేయని పనికి కూలి ఎవరిస్తారు? ఆ నాలుగు రోజులూ పొయ్యి వెలిగేది అప్పుతోనే.

ఖమ్మం వైపు నుంచి దిగివచ్చే కట్టలేరు ఈ ప్రాంతానికి పెద్ద వాగు. మున్నేరు దారిన చివరికి కృష్ణలో కలుస్తుంది. గంపలగూడెం మండలంలో తోటమూల–వినగడప దారిన కట్టలేరు పొంగి రాకపోకలు ఆగిపోయాయన్న వార్త ఏటా పత్రికల్లో చదువుతున్నదే. చిన్న వాగుల పేర్లు పత్రికలకెక్కవు గానీ వాటి పక్కనున్న పేటల గతి కూడా అంతే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన ఎవరూ మరిచిపోలేదు. బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదయింది. ఆ రోజుల్లో ప్రాణాలు కాపాడినవాటిలో ముందు చెప్పుకోవలసింది పడవ. రక్షణ దళాల రబ్బరు పడవలు వచ్చాయి, సముద్రపు ఒడ్డు నుంచి మత్స్యకారులు తమ పడవల్ని లారీల మీద వేసుకొచ్చారు. పడవలున్న చోటికి సాయం చేరింది, లేనిచోట జనం మేడల మీద ఎదురు చూశారు. మనుషుల్ని దాటించడానికి డబ్బు అడిగారన్న ఫిర్యాదులు కూడా అప్పుడే విన్నాం.

అది చూసి వచ్చిన తిరువూరు ప్రాంతపు వాగు పక్క పేటలో కుర్రాళ్లు కొందరు చందా వేసుకున్నారు. ఒక చిన్న పడవ సంపాదించారు. కోస్తా నుంచి ఒక పాత మోటారు కొనుక్కొచ్చారు. ఆ మోటారు బిగించే రోజున మేం అక్కడున్నాం. అక్కడ చూసిందీ, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదీ ఇలాంటి ఆలోచనలో ఉన్న మిగతా పేటలవారికి పనికొస్తుందని రాస్తున్నాం.

చెరువులో మొదటి పరీక్ష

వాగులో కాదు, చెరువులో పరీక్ష చేద్దామన్నది పేటలోని పెద్ద వడ్రంగి సలహా. అది మంచి సలహా అని తరవాత అందరికీ అర్థమయింది. మోటారును పడవ వెనక పలకకు తగిలించారు. తాడు లాగితే ఇంజను అంటుకుంది. కుర్రాళ్లు కేకలు వేశారు. పడవ కదిలింది గానీ, ముక్కు ఆకాశం చూస్తోంది, వెనక భాగం నీళ్లలోకి కుంగుతోంది. ఇంజను అరుస్తున్న అరుపుకూ పడవ పోతున్న వేగానికీ పొత్తు లేదు. గట్టు దగ్గరికి వచ్చేసరికి కింది పంకా బురదలో దిగబడి నిలిచిపోయింది.

"బాబాయ్, మోటారు చెడిపోయిన సరుకు అంటగట్టారు" అన్నాడొక కుర్రవాడు, ముఖం మాడ్చుకుని.

వడ్రంగి చుట్ట పక్కన పెట్టి, "మోటారు మంచిదేరా అబ్బాయ్. దాని కాడ పొడుగు, మన పడవ వీపు పొట్టి. పొడుగాయన చొక్కా పిల్లాడికి తొడిగావు" అన్నాడు.

అసలు సంగతి అంతే. ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు. కానీ ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది మోటారును తిడతారు, మెకానిక్కు డబ్బు పోస్తారు, చివరికి ఇనుప సామాన్లవాడికి అమ్ముకుంటారు.

కాడ పొడుగు అంటే ఏమిటి?

పడవ వెనక తగిలించే ఈ మోటారుకి మూడు భాగాలు. పైన తల, అంటే ఇంజను. మధ్యలో కాడ. ఆ కాడలోంచి నిలువు ఇరుసు కిందికి దిగుతుంది. అడుగున పళ్ల చక్రాల పెట్టె, దానికి పంకా. నార్వే నుంచి అమెరికాకు పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కుటుంబంలోని యంత్రపు పనివాడు ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి మోటార్లను అమ్మకానికి పెట్టాడు. నూరేళ్లు దాటినా మూల రూపం మారలేదు.

ఈ మోటార్లు ఒకే గుర్రపుశక్తిలో రెండు మూడు రకాల కాడలతో వస్తాయి. పొట్టి కాడ సుమారు 15 అంగుళాలు, పొడుగు కాడ 20 అంగుళాలు, మరీ పొడుగుది 25 అంగుళాలు. పడవ వెనక పలక పై అంచు నుంచి పడవ అడుగు దాకా ఉన్న ఎత్తుకు ఇవి సరిపోవాలి. సముద్రం మీద తిరిగే పడవకు అల లోపలికి రాకుండా వెనక పలక ఎత్తుగా కడతారు, కనుక వాళ్లకు పొడుగు కాడ కావాలి. చెరువుల్లో, కాలువల్లో తిరిగే చిన్న పడవకు వెనక పలక పొట్టిది. మన కుర్రాళ్లు కొన్నది సముద్రపు మోటారు, తెచ్చుకున్నది చెరువు పడవ. తేడా అయిదంగుళాలు.

పంకాకు కాస్త పైన, వెనక్కి చాచిన అరచేయిలాగా ఒక అడ్డ రేకు ఉంటుంది. పైనున్న గాలిని పంకా పీల్చుకోకుండా ఆపేది అదే. పడవ అడుగుకూ ఆ రేకుకూ ఉన్న ఎడం చూసి మోటారు ఎత్తు సరిపోయిందో లేదో చెప్పవచ్చు. రేకు పడవ అడుగుతో సమంగానో, ఒక అంగుళం కిందుగానో ఉండాలి. అంతకంటే బాగా పైన ఉంటే పంకా నీళ్లతో పాటు గాలిని కూడా మింగుతుంది. అప్పుడు ఇంజను పిచ్చిపట్టినట్టు అరుస్తుంది, పడవ కదలదు. ఇంజనును చల్లబరిచే నీళ్లు కూడా కిందనుంచే ఎక్కాలి కనుక అవి అందక వేడెక్కి మాడిపోతుంది. రేకు బాగా కిందికి పోతే పడవ లాగుడు బరువవుతుంది, ముక్కు లేస్తుంది, నూనె వృథా అవుతుంది, లోతు తక్కువైన చోట పంకా నేలకు తగులుతుంది. చెరువులో జరిగింది ఈ రెండోది.

ఎలా సరిచేశారు?

దారులు మూడున్నాయి. మోటారు మార్చుకుని పొట్టి కాడది తెచ్చుకోవడం ఒకటి. పడవ వెనక పలక మార్చి ఎత్తుగా కట్టడం రెండోది. ఉన్న పలక మీద దిమ్మ వేసి మోటారును లేపడం మూడోది. చందా డబ్బులు అయిపోయాయి కనుక మూడో దారే మిగిలింది.

వడ్రంగి ముందు కొలిచాడు. పడవను గట్టు మీదికి లాగి, అడుగు చెక్కకు ఒక బద్దను ఆనించి వెనక్కి చాచి, రేకు దానికి ఎంత కిందుందో చూశాడు. అయిదంగుళాలు. ఒక అంగుళం కిందుగా ఉంచాలి కనుక నాలుగంగుళాలు లేపాలి. ఊహమీద కాకుండా బద్ద పెట్టి కొలవడం ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది.

దిమ్మను టేకుతో చేశాడు. దాన్ని మేకులతో కొట్టలేదు. మేకు మోటారు అదురుకు నాలుగు రోజుల్లో వదులవుతుంది. పలక లోపల, బయట రెండు వైపులా దిమ్మ నుంచి కింది దాకా దిగే చెక్కలు పెట్టి, మొత్తం కలిపి తుప్పుపట్టని బోల్టులు ఆరపార బిగించాడు. లోపలివైపు బోల్టు కింద చిన్న వాషరు కాకుండా వెడల్పాటి ఇనుప పట్టీ వేశాడు. మోటారు తోపు అంతా ఆ పలక మీదే పడుతుంది కాబట్టి పలకకూ పడవ అడుగుకూ మూలలో రెండు వంపు కట్టెలు ఆపుగా బిగించాడు. బోల్టు కన్నాల్లోంచి నీరు చెక్కలోకి దిగితే ఏడాదిలో పుచ్చిపోతుంది. అందుకని కన్నాలకు లోపలిదాకా తారు పట్టించాడు.

తరవాత దారం పట్టి పలక మధ్య గీత గీశాడు. మోటారు సరిగ్గా ఆ గీత మీద కూర్చోవాలి. ఒక అంగుళం పక్కకు పోయినా పడవ ఎప్పుడూ ఒక వైపుకే లాగుతుంది. పట్టు మరలు రెండూ చేత్తో గట్టిగా బిగించి, పావుగంట నడిపి మళ్లీ బిగించాలి. మోటారు నుంచి పడవలోని కొక్కేనికి ఒక గొలుసు కట్టారు. మరలు వదులై మోటారు నీళ్లలో పడితే చందా అంతా చెరువు పాలేగదా!

ఇక వాలు. పడవ నిలకడగా పోతున్నప్పుడు పంకా ఇరుసు నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలి. పట్టు దగ్గర ఒక చీల, దానికి నాలుగైదు కన్నాలు ఉంటాయి. ముక్కు లేస్తుంటే మోటారు కాలు పడవ వైపుకు దగ్గరయ్యే కన్నంలోకీ, ముక్కు మునుగుతుంటే దూరమయ్యే కన్నంలోకీ చీల మార్చాలి.

రెండోసారి చెరువులో దించినప్పుడు పడవ తల దించుకుని బుద్ధిగా పోయింది. ఇంజను అరుపు తగ్గింది. "ఇదేనా ఇందాకటి మోటారు?" అని గట్టు మీది ఆడవాళ్లు నవ్వారు.

బరువు సంగతి

అయితే దిమ్మతో అన్నీ తీరిపోలేదు. ఎనిమిది, పది గుర్రాల మోటారు ముప్పై నలభై కిలోలుంటుంది. దానికి తోడు పెట్రోలు డబ్బా, నడిపే మనిషి, ముగ్గురూ వెనకే! వెనక పలక పొట్టిగా ఉన్న పడవకు ఇది ప్రమాదం. వేగంగా పోతూ ఒక్కసారిగా ఇంజను తగ్గిస్తే పడవ వెనక వస్తున్న అల తిరిగి పడవలోకే ఎక్కుతుంది. దిమ్మ వేసింది మోటారు వెడల్పు మేరకే గనుక రెండు పక్కలా పలక పొట్టిగానే ఉంది. అక్కడ కూడా చెక్క వేసి ఎత్తు చేయమని మేం చెప్పాం, చేశారు. పెట్రోలు డబ్బాను పడవ మధ్యకు జరిపారు. మనుషుల్ని ముందుకు సర్ది కూచోబెట్టారు.

ఎంతమంది ఎక్కవచ్చు? మనుషులు ఎక్కాక పడవ అంచుకూ నీటికీ మధ్య జానెడు తగ్గకూడదు. ఆ లెక్క నిలవనీటిలోనే తేల్చి, అంకెను పడవ మీద రంగుతో రాయాలి. ఆ అంకె దాటి బంధువొచ్చినా, నాయకుడొచ్చినా ఎక్కించకూడదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు యాభైమంది పోయారు. అవి పెద్ద బోట్లు, మనది చిన్న పడవ అనుకోవద్దు. నీటికి చిన్నా పెద్దా తేడా లేదు.

పెద్ద మోటారు పెడితే బాగా పోతుందన్నది కూడా భ్రమ. నీటిని తోసుకుంటూ పోయే చిన్న పడవకు ఒక హద్దు దాటాక శక్తి పెంచినా వేగం పెరగదు. ముక్కు లేస్తుంది, వెనక మునుగుతుంది, పెట్రోలు తగలబడుతుంది.

నడిపేవాడు మరువకూడనివి

మోటారును నీళ్ల బయట నడపకూడదు. చల్లబరిచే నీటిని పైకి తోడే రబ్బరు చక్రం పొడిగా తిరిగితే కాసేపట్లోనే మాడిపోతుంది. మరమ్మతుకు నడిపి చూడాలంటే నీళ్లు నింపిన పీపాలో పెట్టాలి. నడుస్తున్నంతసేపూ మోటారు పక్కనుంచి సన్నటి నీటి ధార పడుతూ ఉండాలి. ధార ఆగిందంటే వెంటనే ఇంజను ఆపాలి. మన వాగు నీళ్లలో ఇసుక, ఒండ్రు ఎక్కువ. అందుకని పని అయ్యాక మంచినీళ్లలో అయిదు నిమిషాలు నడపాలి.

పాత రకం మోటార్లలో చాలావాటికి పెట్రోలులోనే నూనె కలపాలి. యాభైకి ఒకటి అన్న మోటారుకి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. కొన్ని పాతవాటికి ఇంకా ఎక్కువ కావాలి. అమ్మినవాణ్ణి అడిగి, ఆ అంకెను డబ్బా మీద రాసి పెట్టుకోవాలి. కింది పళ్ల చక్రాల పెట్టెలోని నూనె వేరు. దాన్ని విప్పి చూసినప్పుడు మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీరు దిగిందని అర్థం.

చాలా చిన్న మోటార్లకు పంకా దగ్గర ఒక మెత్తటి చీల ఉంటుంది. పంకా రాయికి తగిలితే ఆ చీల తెగి లోపలి పళ్ల చక్రాలు బతుకుతాయి. ట్రాక్టరు రోటవేటరుకు రాయి తగిలితే తెగే బోల్టు ఎందుకో మన డ్రైవర్లకు తెలుసు. ఇదీ అంతే. చీల తెగిందని గట్టి మేకు ముక్క పెట్టావా, ఈసారి తెగేది పళ్ల చక్రం. అసలైన చీలలు నాలుగు పడవలోనే కట్టి ఉంచాలి.

ఇంజను ఆపే తాడు నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. అతను నీళ్లలో పడితే ఇంజను దానంతట అది ఆగుతుంది. లేకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి వచ్చి పంకాతో అతన్నే కోస్తుంది. నీళ్లలో ఉన్నవాళ్లను పైకి తీసేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి. ఎక్కిన ప్రతి మనిషికీ తేలే జాకెట్టు ఉండాలి. తెడ్లు రెండు, పొడుగాటి గెడ ఒకటి ఎప్పుడూ పడవలోనే ఉండాలి. మోటారు ఎప్పుడైనా మొరాయిస్తుంది, గెడ మొరాయించదు.

పొంగే వాగుకు మోటారు మందు కాదు

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పాలి. ఈ పడవ పొంగుతున్న వాగును దాటడానికి కాదు. లెక్క చూడండి. పొంగే వాగులో నీరు సెకనుకు మూడు మీటర్లు పోతుంటే అది గంటకు దాదాపు 11 కిలోమీటర్లు. మనుషులతో నిండిన చిన్న పడవ ఎనిమిది గుర్రాల మోటారుతో పోయేది ఇంచుమించు అంతే. అంటే ఎంత తోసినా ఉన్నచోటనే ఉంటుంది, లేదా కిందికి కొట్టుకుపోతుంది. దానికి తోడు కొట్టుకొచ్చే చెట్లు, ముళ్లకంపలు, తీగలు పంకాకు చుట్టుకుంటాయి. 2024 వరదలో కృష్ణలో కట్లు తెగిన పెద్ద పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకుని వాటి బరువు దిమ్మల్ని దెబ్బతీశాయి. నీరు పడవను ఎత్తుకుపోతే ఏం చేస్తుందో దానికంటే సాక్ష్యం ఏం కావాలి?

పడవ పనికొచ్చేది వేగం తగ్గి నీరు నిలబడ్డాక. దారి మునిగి, పేటల చుట్టూ నీరు చేరి, కాలినడక కుదరనప్పుడు. పురిటి మనిషినీ, పాము కరిచినవాణ్ణీ, బియ్యం మూటనూ దాటించడానికి. లోతు తక్కువైన చోట మోటారు లేపేసి గెడ వేసుకోవాలి. కోస్తా మత్స్యకారుల అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం పథకం కింద ఇసుక తీరాల కోసం చేసిన పడవల్లో డీజిలు ఇంజనుతో పాటు, ఒడ్డు చేరగానే పంకాను పైకి లేపుకునే ఏర్పాటు పెట్టారు. లోతులేని నీటిలో కిందికి దిగిన పంకా శత్రువే.

పడవ ఎవరిది? వంతెన ఎవరిది?

పేటవారు ఒక కట్టుబాటు రాసుకున్నారు. పడవ చందా వేసిన అందరిదీ. లెక్క పుస్తకం ఒక ఆడమనిషి దగ్గర ఉంటుంది. నడిపేవాళ్లు ఇద్దరికే అనుమతి, ఇద్దరికీ ఈత రావాలి. మామూలు రోజుల్లో చెరువులో చేపల పనికి వాడితే పెట్రోలు ఖర్చు పోను కొంత మరమ్మతుల నిధికి. వరద రోజున ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదు. విజయవాడలో విన్న ఫిర్యాదులు మన పేట పేరుతో వినబడకూడదన్నారు. ఈ మాట మాకు ఎంతో నచ్చింది.

ఇంకొక సంగతి. తెడ్డుతో నడిచే పడవకు మోటారు తగిలించిన క్షణం నుంచి చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జల నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను కావాలి. కార్యకర్తలు ఈ కాగితాల పని ముందే చూసుకోవాలి. వరద రోజున ప్రాణాలు కాపాడినవాడి మీద తరవాత కేసు పడకూడదు కదా.

చివరిగా అసలు మాట. కూలీలు తమ చందాతో మోటారు కొనుక్కోవలసి రావడం గొప్ప అని మేం పొగడలేం. వాళ్ల ఐక్యతను పొగుడుతాం, వాళ్లకా గతి పట్టించినవారిని ప్రశ్నిస్తాం. వాగు మీద ఎత్తయిన వంతెన ఉంటే ఈ పడవ, ఈ దిమ్మ, ఈ అయిదంగుళాల లెక్క ఏదీ అక్కరలేదు. చప్టా మీద నీరు పారే చోట మనుషుల్ని ఆపడానికి తాడు కట్టి, ఒక మనిషిని నిలబెట్టి ఊరుకోవడం పరిష్కారం కాదు. వానాకాలానికి ముందే ప్రతి వాగు పక్క పేట వారూ కూర్చుని మూడు కోర్కెలు రాసి అధికారులకు ఇవ్వాలి. ఎత్తు చాలని చప్టాల చోట వంతెనలు కట్టాలి. అవి కట్టేదాకా వరద రోజుల్లో మండలానికి తగినన్ని పడవలు, జాకెట్లు, నడపగలిగిన మనుషులు ప్రభుత్వ ఖర్చుతో సిద్ధంగా ఉండాలి. దారి తెగి పనిలేక కూర్చున్న రోజులకు కూలీలకు సాయం అందాలి.

మేం బయల్దేరే ముందు వడ్రంగి పడవను బోర్లించి అడుగుకు తారు పూయిస్తున్నాడు. "వంతెన వచ్చాక దీన్ని ఏం చేస్తావు పెద్దయ్యా?" అని అడిగాం.

"చెరువులో చేపలు పడతాం. ముందు రానీయండి" అన్నాడు.